పనిముట్టు – పౌరధర్మం

ఉద్దేశం: వృత్తివిద్య అభ్యసించే యువతీయువకులకు పౌరధర్మాన్ని ఏ విధంగా బోధించాలో నెల్లూరు సీమ అనుభవాల ఆధారంగా తెలియజేయడం.

పాఠ్యభాగం

చేతిలో పని ఉన్నవాడు ఎక్కడైనా బతకగలడని పెద్దలు అంటారు. ఆ మాటలో సత్యం ఉంది. అయితే తన బతుకు తాను బతికినంత మాత్రాన మనిషి పౌరుడు కాలేడు. తన ఊరి మంచిచెడ్డలు తనవేనని భావించి, వాటిని చక్కదిద్దడానికి తోటివారితో కలిసి పూనుకొన్నప్పుడే అతడు పౌరుడు అనిపించుకొంటాడు. ఈ గుణం పుట్టుకతో రాదు. పనిని నేర్చుకొన్నట్లే దీనినీ నేర్చుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో 1950లో వృత్తిపనివారి శిక్షణ పథకం ప్రారంభమైంది. దాని కింద ఐ.టి.ఐ.లు వెలిశాయి. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. తరువాతి కాలంలో ఇంటర్మీడియట్ స్థాయిలోనూ వృత్తివిద్యా కోర్సులు ఏర్పడ్డాయి. లక్షలాది కుటుంబాలకు ఈ చదువులు జీవనాధారాన్ని కల్పించాయి. కాని వీటితోపాటు ఒక అపోహ కూడా పెరిగింది. రాజ్యాంగం, చట్టం, పాలన వంటి విషయాలు పెద్ద చదువులు చదివేవారికి అవసరమనీ, పనివాడికి యంత్రం నడపడం వస్తే చాలుననీ కొందరు తలపోశారు. ఈ ఆలోచన ఎంత పొరపాటో తెలుసుకోవాలంటే నెల్లూరు జిల్లా చరిత్రను ఒకసారి పరిశీలించాలి.

పెన్నానది ఒడ్డున, సముద్రతీరానికి చేరువలో పల్లిపాడు అనే గ్రామం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీమహాత్ముడు అక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాని స్థాపనకు కృషి చేశారు. పొణకా కనకమ్మ అండగా నిలిచారు. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి సహచరుడైన పార్సీ రుస్తుంజీ భవన నిర్మాణానికి 10,000 రూపాయలు విరాళమిచ్చారు. నూలు వడకడం, ఖద్దరు ప్రచారం, అస్పృశ్యతా నివారణ ఆ ఆశ్రమ కార్యక్రమాలు. అక్కడ రాట్నం తిప్పడం నేర్చిన యువకుడు నూలుతీయడంతో ఆగలేదు. మన ఊరి పత్తి పరదేశానికి పోయి, బట్టగా మారి, ఎక్కువ వెలకు మనకే ఎందుకు తిరిగివస్తున్నదని ప్రశ్నించడం కూడా నేర్చుకొన్నాడు. పనిముట్టే అతనికి అర్థశాస్త్రాన్ని బోధించింది. 1930లో అదే తీరాన మైపాడు వద్ద సత్యాగ్రహులు ఉప్పు తయారుచేసి శాసనాన్ని ధిక్కరించారు. ఉప్పు తీయడం తీరవాసులకు తరతరాలుగా తెలిసిన పని. ఆ పనిని సర్కారు ఏ హక్కుతో నిషేధించిందన్న ప్రశ్న దానికి తోడైనప్పుడు అది స్వాతంత్ర్యోద్యమంలో భాగమైంది.

1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ చేతిపనిని కేంద్రంగా చేసుకొన్న విద్యావిధానాన్ని ప్రతిపాదించారు. దానికి రూపురేఖలు దిద్దిన జాకిర్ హుస్సేన్ సంఘం, ఈ విద్య పౌరసత్వ భావనను పెంపొందించాలని సూచించింది. పల్లిపాడు ఆశ్రమం ఆ దారిలో అంతకు పదహారేళ్ల ముందే నడిచింది.

ఇక తీరం విడిచి, జిల్లాలోని మెట్టప్రాంతానికి వెళదాం. కలిగిరి మండలంలోని దూబగుంట గ్రామం పేరు 1990వ దశకంలో దేశమంతటా మారుమోగింది. నెల్లూరు జిల్లాలో 1991లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. వారి వాచకంలో సీతమ్మ అనే స్త్రీ కథ ఉంది. సారా వల్ల ఒక సంసారం ఎలా కూలిపోయిందో ఆ పాఠం చెబుతుంది. చదివిన స్త్రీలకు అది తమ కథే అనిపించింది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుకు రాగా, దూబగుంట మహిళలు ఏకమై తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపివేయించారు.

అటుపై జరిగినది మరింత గమనింపదగినది. ఆ మహిళల విజయమే తరువాతి వాచకంలో పాఠంగా మారింది. దానిని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు, వారు చేయగలిగినది మనమెందుకు చేయలేమని కదిలారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకొన్నారు. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలోనూ, అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చింది. అయితే 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. సాధించుకొన్న దానిని కాపాడుకోవడం కూడా పౌరుల బాధ్యతేనని ఈ పరిణామం హెచ్చరిస్తున్నది.

జీవితం పాఠమైంది. పాఠం కార్యమైంది. ఆ కార్యం తిరిగి పాఠమైంది. పౌరధర్మ బోధనకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

నేటి తీరప్రాంత విద్యార్థికి ఈ పద్ధతి ఎలా ఉపకరిస్తుంది? రొయ్యల సాగును ఉదాహరణగా తీసుకొందాం. నెల్లూరు తీరంలో ఎందరో యువకులకు అది ఉపాధి. చెరువుకు ఉప్పునీరు పెట్టడం, మేత కొలవడం, రోగాన్ని గుర్తించడం వారు శిక్షణలో నేర్చుకొంటారు. కాని చెరువులోని ఉప్పునీరు ఊటగా దిగితే పక్క రైతు వరిమడి, ఊరి మంచినీటి బావి పాడవుతాయి. ఈ బాధపైనే తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1996 డిసెంబరు 11న వెలువడిన తీర్పు సాగుభూములను, ఉప్పుకొఠారులను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని ఆదేశించింది. తరువాత 2005లో వచ్చిన చట్టం తీరప్రాంత సాగుచెరువుల నమోదును తప్పనిసరి చేసింది. చెరువు తవ్వడం తెలిసి ఈ తీర్పు తెలియని యువకుడి చదువు సగంలోనే ఆగినట్లు కాదా?

విద్యుత్ పనివాని సంగతీ అంతే. చెరువులో తిరిగే ఏరియేటరుకు ఎర్తింగ్ లేకపోతే నీటిలో దిగిన కూలీ ప్రాణానికే ముప్పు. ఆ లోపాన్ని అధికారి కంటే, యజమాని కంటే ముందుగా చూసేవాడు పనివాడే. చూసి చెప్పే ధైర్యం, ఎవరికి చెప్పాలో తెలిసిన జ్ఞానం అతనికి ఉంటే ఒక ప్రాణం నిలుస్తుంది. అవి లేకపోతే అతని నైపుణ్యం మౌనంగా ఉండిపోతుంది.

కనుక పౌరధర్మాన్ని వృత్తిపాఠంలోనే కలిపి బోధించాలి. ఐ.టి.ఐ.లలో ఉపాధి నైపుణ్యాల పాఠ్యాంశంలో రాజ్యాంగ విలువలు, పౌరసత్వం చేరడం హర్షించదగినది. కాని వల్లెవేయడంతో అది ముగియరాదు. విద్యార్థులు గ్రామసభకు హాజరై పంచాయతీ ఆదాయవ్యయాలను పరిశీలించాలి. ఊరి పాఠశాలలో విద్యుత్ తీగలను తనిఖీ చేసి, లోపాలను వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఆ చట్టం కింద ఒక్కొక్కరూ ఒక దరఖాస్తు రాయడం నేర్వాలి. పద్దెనిమిదేళ్లు నిండగానే ఓటరుగా నమోదు కావాలి. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకొనే వీలు 2022లో కలిగింది. కార్యశాలలో భద్రతా సంఘాన్ని తామే ఎన్నుకొని నడుపుకొంటే, ప్రజాస్వామ్యం వారికి అనుభవంలోకి వస్తుంది.

పల్లిపాడులో రాట్నం, మైపాడులో ఉప్పు, దూబగుంటలో పలక. ఇవన్నీ సామాన్యుల చేతిలోని సాధనాలే. వాటిని పట్టినవారు ప్రశ్నించడం కూడా నేర్చుకొన్నారు కనుకనే చరిత్రలో నిలిచారు. రేపు సుత్తిని, స్క్రూడ్రైవరును, వలను చేపట్టే యువతకు ఆ ప్రశ్నను అందించడం గురువుల కర్తవ్యం. దానిని విడువకుండా నిలుపుకోవడం విద్యార్థుల ధర్మం.

కఠిన పదాలు – అర్థాలు

అపోహ = తప్పు అభిప్రాయం
ధిక్కరించు = ఎదిరించు, లెక్కచేయకుండు
మెట్ట = కాలువ నీటి వసతి లేని ఎత్తైన భూమి
ఉప్పుకొఠారు = ఉప్పు పండించే చోటు
వ్రాతపూర్వకంగా = కాగితంపై రాసి

అభ్యాసం

అ. కింది ప్రశ్నకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. దూబగుంట మహిళల అనుభవం పౌరధర్మ బోధనకు ఎలా ఆదర్శమైందో వివరించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పల్లిపాడు ఆశ్రమం యువకులకు ఏమి నేర్పింది?
2. రొయ్యల సాగు నేర్చే విద్యార్థి 1996 నాటి తీర్పును ఎందుకు తెలుసుకోవాలి?

ఇ. చేసి చూడండి.
1. మీ ఊరిలో మీ వృత్తికి సంబంధించిన ఒక లోపాన్ని గుర్తించి, సంబంధిత అధికారికి లేఖ రాయండి.