డబ్బు ఎవరు ఎవరికివ్వాలి?

మాది గోరంట్ల. పని కావాలంటే బెంగళూరు బస్సెక్కడమే మాకు తెలిసిన దారి. పెనుకొండ దగ్గర కియాలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాక దారి కొంచెం దగ్గరైంది. దాంతోపాటే 'ట్రైనింగ్ ఇప్పిస్తాం' అనే ఫోన్లూ ఎక్కువయ్యాయి.

సంక్రాంతి తర్వాత నాకూ ఒకటి వచ్చింది. పదివేలు కడితే ఏదో కంపెనీలో అప్రెంటిస్ అట. నాయన చెనిక్కాయలు అమ్మిన డబ్బు తీసిచ్చాడు కూడా. మా సీనియర్ అన్న మాత్రం ఒక్క మాట అడగమన్నాడు: "ఒప్పందం ఎక్కడ రిజిస్టరవుతుంది?" అడిగాను. ఫోన్ కట్!

1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే కార్మికుడు కాదు, నేర్చుకునేవాడు. అయినా ఊరికే నేర్చుకోడు. సంస్థతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది నమోదు కావాలి, నెలనెలా స్టైపెండ్ రావాలి. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ డిగ్రీవాళ్లకు నెలకు 9,000, డిప్లొమావాళ్లకు 8,000 రూపాయలు. నాట్స్ పథకంలో ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. అంటే డబ్బు మన చేతికి రావాలి గానీ మన చేతినుంచి పోకూడదు. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే కాబట్టి మనం అడిగేది దయ కాదు.

ఒక చేదు సంగతి. ఒప్పందంలో రాసి ఉంటే తప్ప, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాలని చట్టం చెప్పదు. సంతకానికి ముందే ఆ పేజీ చదవండి, రెండుసార్లు.

నాయన ఆ పదివేలూ విత్తనాలకు దాచిపెట్టాడు. నేను నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నా.