ఎవరు లేవాలో ముందు రాసుకో

తిరుచానూరు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "లాగ్ మానిటరింగ్ నాకప్పగించారు పెదనాన్నా, ముందు అన్నిటికీ అలర్ట్ పెట్టేస్తా, ఆనక తగ్గిస్తా" అన్నావు. ఆనక ఎవరూ తగ్గించరు తల్లీ. పాతికేళ్లు సర్వర్లకు కాపలా కాసినవాణ్ణి కాబట్టి ఫోన్లో తేలిపోయే మాటగా కాక కాగితం మీద పెడుతున్నాను.

నాకు జరిగింది చెబుతా. ఒక ఏడు కార్తీకంలో మన అమ్మవారి పంచమి తీర్థానికని సెలవు పెట్టి ఊరికొచ్చాను. అప్పుడు నేను పనిచేసే ప్రయాణ టికెట్ల సంస్థ లాగుల్లో "ఎర్రర్" అన్న మాట కనబడితే చాలు, మెయిల్ వచ్చేటట్టు పెట్టింది నేనే. "ఎర్రర్లు: 0" అని రాసే లైనుకు కూడా మెయిల్ వచ్చేది, అందులోనూ ఆ మాట ఉంది కదా. రోజుకు 200 పైమాటే. మాలో ఒక్కరమూ వాటిని విప్పి చూసేవాళ్లం కాదు. ఆ పూట పుష్కరిణిలో మునకేసి ఇంటికొచ్చి ఫోన్ చూస్తే మెయిల్ ఒక్కటీ లేదు. అమ్మవారి దయ, పండగపూట అంతా నిమ్మళంగా ఉందనుకున్నాను. అసలు సంగతేమంటే, ముందురోజు రాత్రే డిస్కు నిండిపోయింది. డిస్కు నిండితే లాగు రాయడానికి చోటుండదు. లాగే లేనప్పుడు అందులో ఎర్రరు ఎక్కడిది, మెయిలెక్కడిది? 11 గంటలపాటు జనం టికెట్లు బుక్ చేసుకోలేక తిప్పలుపడ్డారు. చివరికి ఒక ప్రయాణికుడు ఫోన్ చేసి తిడితే తెలిసింది. ఆ తిట్లు నాకు న్యాయంగానే తగిలాయి.

అందుకే నువ్వు పెట్టే మొదటి అలర్ట్ చప్పుడు లేకపోవడం మీద పెట్టు. మన వీధి పాలాయన రోజూ ఐదింటికి గంట కొడతాడు. కొట్టని రోజునే మీ పెద్దమ్మ తలుపు తీసి వీధిలోకి చూస్తుంది. ఫలానా సర్వర్ నుంచి పది నిమిషాలుగా లాగు రాలేదంటే అది కబురే. మానిటరింగ్ సర్వర్‌కూ ఇదే పద్ధతి. ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు "వాచ్‌డాగ్" అని ఒక అలర్ట్‌ను ఎప్పుడూ మోగేటట్టు ఉంచి, అది బయట ఇంకో చోటికి చేరుతూ ఉండేటట్టు చూసుకుంటారు. అది ఆగిందంటే కాపలావాడే పడిపోయాడని అర్థం. ఇంకొకటి, మెయిల్ సర్వర్ పడిపోయిందన్న కబురును అదే మెయిల్ సర్వర్ ద్వారా పంపే ఏర్పాటు నేను రెండు చోట్ల చూశాను. నీ దగ్గర ఉందేమో వెతుకు.

ఇక రెండో సంగతి, ఎవరిని ఎప్పుడు లేపాలన్నది. 2021 నవంబరు వానలు నీకు గుర్తుండే ఉంటాయి. స్వర్ణముఖి మన ఊరి పక్కనే ఒరుసుకుని పారింది. ఆ రోజుల్లోనే రాయలచెరువు కట్టలోంచి నీళ్లు కారుతున్నాయని కనిపెట్టారు. దిగువ ఊళ్లవాళ్లను ఇళ్లు వదిలి మెరకకు పొమ్మన్నారు. కట్ట నిలబడింది. ఆ హెచ్చరిక ఎవరికి వెళ్లిందో చూడు: కట్ట తెగితే ఎవరి ఇల్లు మునుగుతుందో వాళ్లకు. ఏం చెయ్యాలో కూడా అందులోనే ఉంది. చెరువు నిండుతున్న ప్రతిరోజూ దండోరా వేస్తే ఆ రోజు ఎవరూ కదిలేవాళ్లు కారు. మా చిన్నప్పుడు నీరుగట్టి రోజూ కట్ట మీద తిరిగి నీటిమట్టం చూసుకునేవాడు, అది ఆయన పని. చెరువు నిండి మొరవ పోతోందంటే పెద్దలకు చెప్పేవాడు. కట్ట తెగేటట్టుంటేనే ఊరిని లేపేవాడు. నీకూ ఈ మూడు మెట్లు చాలు. చూసుకోవాల్సింది డ్యాష్‌బోర్డు మీద, రేపు చెయ్యాల్సింది టికెట్‌గా, ఇప్పుడే లేవాల్సింది ఫోన్‌కు. సిస్‌లాగ్ అనే లాగుల పద్ధతిలో తీవ్రతకు 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలున్నాయి గానీ, ప్రోగ్రామ్ రాసినవాడు తోచిన స్థాయి వేసిపోతాడు. వాటిని నమ్మి ఎవరినీ నిద్ర లేపకు.

మూడో సంగతి, ఎక్కడ కొలవాలన్నది. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి పక్క ఊరి మీద కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసినవాటిలో రెండు సంగతులు నన్ను వదలవు. వేడిని కొలిచేది ట్యాంకు అడుగునే ఉంది, పైన ఎంత కాగుతోందో తెలిసే దారి లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఆ రాత్రి అది మోగలేదు. సీపీయూ ఎంత వాడకంలో ఉందన్నది అడుగున ఉన్న కొలత లాంటిదే. నీ వాడకందారుకు పని అవుతోందా లేదా అన్నచోట కొలువు. మోగించాల్సింది ఎవరో పేరు పెట్టి రాసుకో.

థ్రెషోల్డ్ ఎంత అని అడిగావు. ఒకే అంకె అన్ని వేళలకూ సరిపోదు. తిరుమల దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్లో వదిలే ఉదయం పది గంటలకు జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. అక్కడ ఆ తాకిడే మామూలు. అదే తాకిడి రాత్రి రెండింటికి వస్తే లేచి చూడాలి. అందుకని ఎన్ని రిక్వెస్టులు తప్పాయన్నది కాక, నూటికెన్ని తప్పాయో లెక్కపెట్టు. దానికి కనీస సంఖ్య కూడా జోడించు. లేకపోతే అర్ధరాత్రి వచ్చిన రెండింటిలో ఒకటి తప్పినా యాభై శాతమని గోలపెడుతుంది. ఒక్క క్షణం పెరిగి తగ్గినదానికి మోగకుండా, ఐదు నిమిషాలు అలాగే ఉంటేనే మోగమను. ఒకే కారణానికి వచ్చినవన్నీ ఒక్క కబురుగా కట్టి పంపించు. లాగులు యూటీసీలో ఉన్నాయో మన టైములో ఉన్నాయో చూసుకో, ఐదున్నర గంటల తేడాకు నేను ఒకసారి తప్పు రోజంతా వెతికాను.

అలర్ట్‌లో రాసే మాటల మీద శ్రద్ధ పెట్టు. పంచమి తీర్థం రోజున మైకులో చెబుతారే, తీర్థ మహిమ రోజంతా ఉంటుంది, తోసుకోకుండా నిదానంగా స్నానం చెయ్యండని! ఎంత జనం వచ్చారో ఆ మాటలో లేదు, వచ్చినవాళ్లు ఏం చెయ్యాలో ఉంది. నిద్రమత్తులో చదివేవాడికి ఏది ఆగింది, ఎప్పటినుంచి, మొదట చూడాల్సిందేమిటి అన్న మూడూ కనబడాలి. వాడకందార్ల ఫోన్ నంబర్లు, ఓటీపీలు మాత్రం ఆ కబురులోకి రానివ్వకు.

నెలకొకసారి కూర్చుని, మోగినా ఎవరూ కదలని అలర్టులు తీసెయ్యి. తీసెయ్యడానికి మొహమాటపడొద్దు. ఎవరైనా అడిగితే నేను పైన చెప్పిన 11 గంటల కథ చెప్పు.

ఈ శనివారం ఒక్క పని చెయ్యి తల్లీ. మీ పైవాళ్లకు చెప్పి, టెస్ట్ సర్వర్ మీద లాగు పంపే ప్రోగ్రామ్‌ను ఆపు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లవాడి ఫోన్ ఎన్ని నిమిషాలకు మోగిందో, మోగితే వాడు ముందుగా ఏం చేశాడో రాసి నాకు పంపు.

ఇట్లు
నీ పెదనాన్న