లోగిలిలో ఉద్యానము : ఆలోచన, అమరిక, ఆచరణ

మనిషికి తలదాచుకొనుటకు కప్పు ఎంత అవసరమో, తల ఎత్తి చూచినప్పుడు ఆకాశం కనిపించే చోటు కూడా అంత అవసరం. ఈ సత్యాన్ని మన పూర్వులు బాగుగా ఎరిగినవారు. తెలుగు ఇంటిలో ఆ చోటును మండువా అని, లోగిలి అని పిలుచుకున్నారు. ఉర్దూ మాట్లాడే ఇంటిలో దానినే సహన్ అన్నారు. ఒక ఇంట తులసికోట, మరొక ఇంట చిన్న హౌజు. ఒక ఇంట మల్లెపందిరి, మరొక ఇంట మోగ్రా కుండీలు. పేర్లు వేరైనా ప్రయోజనం ఒక్కటే. గాలి, వెలుతురు, వాన ఇంటి నడుమకు రావడం.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలలో నేడు కడుతున్న ఇళ్లలో ఈ చోటు క్రమంగా మాయమవుతున్నది. మిగిలి ఉన్నచోట కూడా శుభ్రత పేరిట నేలంతా సిమెంటుతో కప్పివేస్తున్నారు. మా కళాశాల గదుల నడుమ ఉన్న ఖాళీ స్థలం విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. దానిని పూర్తిగా బండలతో మూసివేయాలా, లేక తోటగా తీర్చిదిద్దాలా అన్న చర్చ సాగుతున్నది. ఆ చర్చకు ఉపకరించగలదన్న ఆశతో ఈ పాఠాన్ని విద్యార్థుల ముందు, కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

కొంత చరిత్ర

స్థలాన్ని నాలుగు భాగాలు చేసి, నడుమ నీటిని ఉంచే చార్‌బాగ్ పద్ధతి పారశీక దేశం నుండి వచ్చింది. ఢిల్లీలోని హుమాయూన్ సమాధి తోటలో దీని నిండు రూపం చూడవచ్చు. స్పెయిన్ దేశానికి అరబ్బుల వెంట వెళ్లిన ఉద్యాన కళ గ్రనడా నగరపు అల్‌హంబ్రా ప్రాసాదంలో వికసించింది. అదే దేశంలోని కోర్డోబా నగరంలో సామాన్యుల ఇళ్ల లోగిళ్లు నేటికీ పూలకుండీలతో నిండి ఉంటాయి. అక్కడ ఏటా జరిగే లోగిళ్ల పండుగను యునెస్కో 2012లో మానవాళి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది. కోర్డోబా కూడా మన ప్రాంతం వలె వేసవిలో మండిపోయే ఊరే. అక్కడివారు ఎండకు భయపడి లోగిలిని మూసివేయలేదు, మొక్కలతో చల్లబరచుకున్నారు.

మన సంస్థానాల చరిత్రలో కూడా ఆవరణలకు కొదువ లేదు. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో కళాశాల వెలసింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నెలకొన్నది. రాజుల ఆవరణలు విద్యార్థుల ఆవరణలు కావడం మన భాగ్యం. వాటిని పచ్చగా నిలుపుకొనడం మన బాధ్యత.

మొదట కొలత, తరువాత మొక్క

తోట వేయదలచినవారు మొదట మొక్కలు కొనరాదు. టేపు పట్టుకుని స్థలాన్ని కొలిచి, కాగితంపై పటం గీయవలెను. ఉదాహరణకు తూర్పు పడమరలుగా 24 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 18 అడుగులు ఉన్న లోగిలిని తీసుకుందాము. దాని వైశాల్యం 432 చదరపు అడుగులు. చుట్టూ 3 అడుగుల నడవ వదిలితే నడుమ 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల భాగం మిగులుతుంది. అది 216 చదరపు అడుగులు, అనగా సరిగ్గా సగం. సగం మనుషులకు, సగం మొక్కలకు. ఇంతకంటె న్యాయమైన పంపకం ఉండదు.

ఈ నడిమి భాగంలో 2 అడుగుల వెడల్పు గల రెండు దారులు అడ్డంగా, నిలువుగా వేస్తే ఒక్కొక్కటి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు గల నాలుగు మళ్లు ఏర్పడతాయి. దారులు కలిసేచోట పక్షులు నీరు త్రాగుటకు ఒక మట్టితొట్టి ఉంచవచ్చు. చార్‌బాగ్ మన చిన్న లోగిలిలోనికి ఈ విధంగా దిగివస్తుంది.

ఎండ నడక

మన మూడు పట్టణాలు ఉత్తర అక్షాంశం 16 డిగ్రీలకు కొంచెం పైన ఉన్నాయి. అందువలన మే నెల మొదటి వారంలోను, మరల ఆగస్టు మొదటి వారం దాటిన తరువాతను మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు గోడకు నీడ ఉండదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలుతాడు. ఆ మాసంలో దక్షిణపు గోడ 10 అడుగుల ఎత్తు ఉంటే మధ్యాహ్నపు నీడ 8 అడుగులకు పైగా లోగిలిలోనికి పడుతుంది. మన పటంలో 3 అడుగుల నడవ, దాని ప్రక్కన 5 అడుగుల మడి కలిపి సరిగ్గా 8 అడుగులు. కాబట్టి దక్షిణపు మళ్లు రెండూ చలికాలంలో నీడలో ఉంటాయి. ఎండను కోరే గులాబీని, మల్లెను ఉత్తరపు మళ్లలో నాటవలెను. పుదీనా వంటి నీడను ఓర్చే మొక్కలకు దక్షిణపు మళ్లు ఇవ్వవలెను.

మరొక సంగతి. సాయంకాలపు ఎండ పడమటి గోడ మీదుగా వచ్చి తూర్పు గోడను కాలుస్తుంది. కనుక తీగలను పాకించవలసినది తూర్పు గోడకు. చాలామంది పడమటి గోడకు పాకించి, ఇల్లు చల్లబడలేదని విచారిస్తారు.

నేల, బండలు

నడవలకు షాబాదు బండలు గాని, తాండూరు బండలు గాని చాలును. వాటిని ఇసుకపై పరచి, సందులలో సిమెంటు పూయక వదిలిపెట్టవలెను. వాన నీరు ఆ సందులగుండా భూమిలో ఇంకుతుంది. మళ్లు నడవకంటె రెండంగుళాలు పల్లంగా ఉంటే పొర్లిన నీరు వాటిలోనికే చేరుతుంది. నడిగడ్డలో అనేకచోట్ల ఉన్న నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది; అక్కడ బండల క్రింద ఇసుక మందంగా పోయకపోతే అవి ఎగుడుదిగుడు అవుతాయి. ఎర్ర చలక నేలలో ఈ చిక్కు లేదు గాని, అది నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచదు. దానికి చివికిన పశువుల ఎరువు విరివిగా కలపవలెను. కుండీలకు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి తగిన మిశ్రమం.

నీటి లెక్క

కరవును ఎరిగిన పాలమూరు నేలపై తోట అన్నంతనే నీరెక్కడిదని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనది. జవాబు లెక్కలో ఉన్నది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. 40 చదరపు మీటర్ల కప్పుపై ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిసిందనుకుంటే 24,000 లీటర్లు. అందులో ఐదవ వంతు వృథా పోయినా 19,200 లీటర్లు చేతికి వస్తాయి. ఇరవై కుండీలకు రోజుకు రెండేసి లీటర్ల చొప్పున నాలుగు నెలల వేసవికి కావలసినది 4,800 లీటర్లు మాత్రమే. 5,000 లీటర్ల తొట్టి ఒకటి కట్టుకొని, మిగిలిన నీటిని ఇంకుడుగుంతకు మళ్లించినచో తోట ఎవరి బిందె నీటినీ అపహరించదు.

వజూ చేసిన నీటిలో సబ్బు ఉండదు. దానిని కాలువ ద్వారా మళ్లకు పంపవచ్చు. దుబారా తగదని ఖురాను బోధిస్తున్నది. చెరువులు త్రవ్వించిన సంస్థానాధీశులు ఆచరించి చూపినది కూడా నీటి పొదుపే. వనపర్తి సప్తసముద్రాలు అందుకు సాక్ష్యం.

మెరుగు పెట్టని మట్టికుండను మూతి వరకు మడిలో పాతి నీరు నింపితే, అది మెల్లగా చెమర్చి వేళ్లకు తడినిస్తుంది. క్రీస్తుకు పూర్వపు చైనా వ్యవసాయ గ్రంథంలోనే ఈ ఉపాయం ఉన్నది. మన ఊరి కుమ్మరి వద్ద ఆ కుండ నేడే దొరుకుతుంది. అయితే తెరచి ఉన్న తొట్టెలలో నీటిని వారానికొకమారు తప్పక మార్చవలెను. లేనిచో డెంగీ దోమను మనమే పెంచినవారమవుతాము.

మొక్కల ఎంపిక

మన రెండు భాషలలోను పేరున్న మొక్కలనే ఏరుకుందాము. మల్లెకు మోగ్రా అని, సన్నజాజికి చమేలీ అని, పారిజాతానికి హర్‌సింగార్ అని, దానిమ్మకు అనార్ అని, గోరింటకు మెహందీ అని పేర్లు. సబ్జా మొక్క ఉర్దూవారి రైహాన్. ఇవన్నీ మన ఎండను ఓర్చినవే. తూర్పు గోడకు రాధామనోహరం గాని, కాగితంపూల తీగ గాని పాకించవచ్చు. మామిడి చిన్న లోగిలికి తగదు. కొల్లాపురం మామిడిపై మక్కువ గలవారు దానిని పెరటిలో పెంచుకొనవలెను. గన్నేరు అందమైనదే గాని, దాని ప్రతి భాగమూ విషం. పిల్లలు తిరిగేచోట నాటరాదు. గోడ పగుళ్లలో మొలిచే రావిమొక్కను లేతగా ఉన్నప్పుడే తీసివేయవలెను.

నాటుటకు తగిన కాలం తొలకరి తరువాత. మేము ఈ మాట వినక, ఒక సంవత్సరం వార్షికోత్సవపు తొందరలో మార్చి నెలలో గులాబీలు నాటినాము. ఉత్సవం నాడు అందరూ మెచ్చుకున్నారు. సెలవులు ముగిసి వచ్చేసరికి ఎండుపుల్లలు మిగిలినాయి. ఆ పుల్లలు మాకు నేర్పిన పాఠం ఏ పుస్తకమూ నేర్పలేదు. తోట ఒక్కనాటి అలంకారం కాదు. సెలవులలో నీరు పోసేవారు ఎవరని ముందుగా నిర్ణయించుకొనని తోటను వేయకపోవడమే మేలు. మల్లెకు చలికాలంలో నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించినచో వేసవిలో విరగబూస్తుంది. ఇటువంటి పనులకు కూడా మనిషి, తేదీ ముందుగానే వ్రాసి ఉంచవలెను.

మా మనవి

కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. స్థలమంతా బండలు పరచుటకయ్యే ఖర్చులో సగంతో సగం నేలను కప్పి, తక్కిన సగాన్ని మొక్కలకు విడువండి. నీటితొట్టికి స్థలం చూపండి. విద్యార్థులు నాలుగు జట్లుగా ఏర్పడి, జట్టుకొక మడి చొప్పున స్వీకరించి, సెలవులలో సైతం వంతులవారీగా నీరు పోయుదురు గాక. చెట్టు నాటడం సదకాతో సమానమని ఇస్లాం చెబుతున్నది. పుణ్యమని హిందూ ధర్మం చెబుతున్నది. తొలకరికి మిగిలిన వ్యవధి కొద్ది మాసాలే. పటం గీయుటకు, మట్టి కలుపుటకు, తొట్టి కట్టుటకు అది సరిపోతుంది. బండలు ఏనాడైనా పరచవచ్చును. ఒకమారు కప్పివేసిన నేలను మరల తెరుచుట కష్టం.