కారు డిటెయిలింగ్‌కు ఎంత సమయం పట్టాలి?

ఒక దుకాణంలో రెండు గంటల్లో కారును కొత్తదానిలా చేసి ఇస్తామంటారు. పక్క వీధిలో మరొకరు రెండు రోజులు కారు వదిలి వెళ్లమంటారు. ఇద్దరి బోర్డు మీదా రాసి ఉండేది మాత్రం ఒకే మాట: కారు డిటెయిలింగ్. మొదటివారిది పనితనమా, రెండోవారిది నిదానమా? లేక ఇద్దరూ చేసే పనులే వేరా?

మామూలు వాటర్ సర్వీసింగ్‌లో పైనున్న దుమ్ము, బురద పోతే చాలు. డిటెయిలింగ్ అంటే రంగుకు అంటుకుపోయిన మురికిని కూడా తీసి, గీతలు తగ్గించి, సీట్లు, కార్పెట్లు లోపలి దాకా శుభ్రం చేసి, పైన ఒక రక్షణ పూత వేయడం. ఈ పనుల్లో కొన్ని మనిషి చేతి వేగం మీద ఆధారపడితే, మరికొన్ని నానడం, కరగడం, ఆవిరి కావడం, గట్టిపడడం వంటి ప్రకృతి చర్యల మీద ఆధారపడతాయి. రెండో రకానికి వాటి సమయం వాటికి ఇవ్వాల్సిందే.

వెంట్రుక కంటే పలుచని కవచం

ఇప్పటి కార్లలో ఇనుప రేకు మీద సాధారణంగా నాలుగు పొరలు ఉంటాయి. తుప్పును అడ్డుకునే పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నింటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోటు. ఈ నాలుగూ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. క్లియర్ కోటు ఒక్కటే చూస్తే దాదాపు 40 నుంచి 50 మైక్రాన్లు, అంటే చాలామంది తల వెంట్రుక మందం కంటే తక్కువ.

కారు మెరుపు, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుకు దక్కే రక్షణ, రెండూ ఈ పలుచని పొర మీదే ఆధారపడి ఉన్నాయి. పాలిష్ చేయడమంటే గీతల అడుగు దాకా కాకపోయినా, వాటి అంచులు కనపడనంత మేర ఈ పొరను అరగదీయడమే. అరిగిన పొర తిరిగి పెరగదు. అందుకే హడావిడిగా కడిగి గీతలు పెట్టడం, ఆ గీతల కోసం మళ్లీ మళ్లీ పాలిష్ చేయించడం రంగు ఆయుష్షును తగ్గిస్తాయి.

నురుగుకు ఇవ్వాల్సిన నిమిషాలు

రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలుపై క్వార్ట్జ్ స్థానం 7. ఉక్కు చాకు కాఠిన్యం సుమారు 5.5. ఇంత గట్టి రేణువులు అంటి ఉన్న కారును పొడి గుడ్డతో తుడిస్తే సన్నని ఉప్పుకాగితంతో రుద్దినట్టే. రాత్రి వీధి దీపం కింద బానెట్ మీద సాలెగూడులా కనిపించే గుండ్రని గీతలు చాలావరకు ఇలా ఏర్పడినవే. నిజానికి ఆ గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. దీపపు కాంతిని మన కంటి వైపు పంపేవి మాత్రమే కనిపించడంతో అవి దీపం చుట్టూ వలయాల్లా తోస్తాయి.

అందుకే ముందు నీటితో దుమ్ము దించి, తర్వాత నురుగు పట్టించి కొన్ని నిమిషాలు వదిలేస్తారు. 25 డిగ్రీల వద్ద శుద్ధమైన నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. షాంపూలోని సర్ఫాక్టెంట్ అణువులు దీన్ని సగానికి పైగా తగ్గిస్తాయి. అప్పుడు నీరు మురికి కిందికి చొరబడి, జిడ్డును చుట్టుముట్టి, రేణువులను పైకి లేపుతుంది. ఈ పని నురుగుదే, చేతిది కాదు. నురుగు వేసిన వెంటనే రుద్దితే రేణువులు ఇంకా రంగు మీదే ఉంటాయి. వదిలేసి ఆరిపోనిస్తే షాంపూ మరకలు పడతాయి. నల్ల కారు బానెట్ ఎండలో 60 డిగ్రీలు దాటవచ్చు కాబట్టి నీడలో, రేకు చల్లారిన తర్వాతే కడగడం మొదలుపెట్టాలి. ఆ చల్లారే సమయం కూడా పనిలో భాగమే.

కడిగాక తుడవడంలోనూ ఆదమరిస్తే నష్టమే. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీరు కఠిన జలం. తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కాఠిన్యమున్న నీరు 200 మిల్లీలీటర్లు కారు మీద బొట్లుగా ఆరిపోతే, దాదాపు 60 మిల్లీగ్రాముల సున్నపు లవణాలు తెల్లని చుక్కలుగా మిగులుతాయి. డోర్ల సందులు, అద్దాల అంచుల్లో నిలిచిన నీటిని కూడా గాలితో ఊది, మైక్రోఫైబర్ గుడ్డతో అద్దడానికి అదనంగా పావుగంటైనా పడుతుంది. చక్రాలతో కలిపి కడిగి ఆరబెట్టడానికి మొత్తం గంట నుంచి గంటన్నర.

అంటుకుపోయిన ఇనుము

కడిగిన కారు మీద వేళ్లతో మెల్లగా రాస్తే కొన్నిసార్లు గరుకుగా తగులుతుంది. బ్రేకులు పట్టినప్పుడు అరిగి, వేడిగా ఎగిరిన ఇనుప రేణువులు క్లియర్ కోటులో గుచ్చుకుని ఉండటమే దీనికి ఒక కారణం. వీటిని తీసే ద్రావణాల్లో థయోగ్లైకొలేట్ లవణం ఉంటుంది. బ్యూటీ పార్లర్లలో జుట్టు వంపులు తిప్పడానికి వాడేది ఈ కుటుంబానికి చెందిన రసాయనమే. ఇది ఇనుముతో చర్య జరిపి ఊదారంగులోకి మారి కారుతుంది. అందుకు కొన్ని నిమిషాలు కావాలి. ఆ తర్వాత తారు మరకలను ద్రావణితో, ఇంకా మిగిలిన గరుకును మెత్తని క్లే ముద్దతో తీస్తారు. దీనంతటికీ మరో గంట.

ఇక్కడ తొందరపడితే నష్టపోయేది కారు ఒక్కటే కాదు. చక్రాలను క్షణాల్లో తెల్లబరిచే కొన్ని క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లమో, దాన్ని విడుదల చేసే ఫ్లోరైడ్ లవణాలో ఉంటాయి. ఈ ఆమ్లం చర్మం గుండా లోపలికి వెళ్లి శరీరంలోని కాల్షియంతో కలుస్తుంది. పలుచగా ఉన్నప్పుడు నొప్పి గంటల తర్వాత గానీ తెలియకపోవచ్చు. అప్పటికే లోపలి కణజాలం దెబ్బతింటుంది. పది నిమిషాలు ఆదా చేయడానికి పనివాడి వేళ్లు పణంగా పెట్టడం తగదు. మృదువైన క్లీనరు వేసి ఎక్కువసేపు నాననివ్వడమే క్షేమం.

పాలిష్: ఒకటిన్నర అడుగుల లెక్క

చిన్న హ్యాచ్‌బ్యాక్ కారులో రంగు వేసిన ఉపరితలం సుమారు 10 చదరపు మీటర్లు అనుకుందాం. పాలిష్ యంత్రంతో ఒకసారికి ఒకటిన్నర అడుగుల చదరం, అంటే సుమారు 0.2 చదరపు మీటరు తీసుకుంటారు. ఈ లెక్కన కారంతా 50 గళ్లు. ఒక్కో గడి మీద యంత్రాన్ని నెమ్మదిగా, వరుసలు ఒకదానిపై ఒకటి సగం పడేలా నాలుగుసార్లు నడపాలి. ఒక్కోసారికి సుమారు నిమిషం, తుడిచి చూడటానికి మరో నిమిషం. అంటే గడికి 5 నిమిషాలు, మొత్తం 250 నిమిషాలు. నాలుగు గంటలు దాటింది. లోతైన గీతలకు ముందు గరుకు పాలిష్, తర్వాత నున్నటిది వాడాల్సి వస్తే ఇది రెట్టింపవుతుంది.

యంత్రాన్ని వేగంగా జరిపితే పాలిష్‌లోని అల్యూమినియం ఆక్సైడ్ రేణువులకు పొరను సమంగా అరగదీసే అవకాశం దొరకదు. దాని బదులు గట్టిగా ఒత్తితే రాపిడి వేడికి క్లియర్ కోటు మెత్తబడుతుంది. అంచుల వద్ద పొర పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ రంగు బయటపడే ప్రమాదం కూడా ఉంది. అందుకే జాగ్రత్తపరులు ముందుగా మందం కొలిచే పరికరంతో కారంతా చూస్తారు. ఆ పరికరం చూపేది అన్ని పొరల మొత్తాన్నే, క్లియర్ కోటును విడిగా కాదు. ఇనుప, అల్యూమినియం రేకులపై పనిచేసే మామూలు పరికరం ప్లాస్టిక్ బంపరు మీద పనిచేయదు. కాబట్టి అంకె చూసి ధీమా పడకుండా, వీలైనంత తక్కువ అరగదీయడమే పద్ధతి.

పాలిష్ అయ్యాక చేసే ఒక చిన్న పరీక్షను చాలామంది వదిలేస్తారు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి వాటిని కనపడనీయవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో తుడిచి, దీపం వెలుగులో చూస్తేనే గీతలు పోయాయో, దాక్కున్నాయో తెలుస్తుంది. ఈ పరీక్ష లేకుండా అప్పగించిన కారు ఆ రోజు అద్దంలా ఉంటుంది. నాలుగుసార్లు కడిగేసరికి నూనె పోయి పాత గీతలు తిరిగి కనిపిస్తాయి.

సీట్లలో దాగిన నీరు

లోపలి భాగంలో దుమ్ము పీల్చడం, డ్యాష్‌బోర్డు, డోర్లు, పైకప్పు గుడ్డ, సీట్లు, కార్పెట్లు, డిక్కీ శుభ్రం చేయడానికి ఒక మనిషికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. షాంపూతో కడిగిన సీట్ల స్పాంజిలో, కార్పెట్ల కింద అర లీటరు నీరు మిగిలిందనుకుందాం. 30 డిగ్రీల వద్ద కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ల శక్తి కావాలి. అర లీటరుకు 1,215 కిలోజౌళ్లు. వెయ్యి వాట్ల హీటరు వేడి ఏమాత్రం వృథా కాకుండా నీటికే చేరినా 20 నిమిషాలు పడుతుంది. స్పాంజి లోతుల్లోంచి తేమ పైకి రావడానికి అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ సమయం కావాలి.

వేడి ఒక్కటే సరిపోదు, ఆవిరిని మోసుకుపోయే గాలి కూడా కావాలి. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. విశాఖలో వానాకాలం రోజున ఆర్ద్రత 80 శాతం ఉంటే, అందులో 24 గ్రాములు ముందే నిండి ఉంటాయి. మిగిలిన చోటు 6 గ్రాములు. కారు లోపల 3 ఘనపు మీటర్ల గాలి ఉందనుకుంటే, అద్దాలు మూసి ఉంచినప్పుడు 18 గ్రాములకు మించి నీరు ఆవిరి కాలేదు. అర లీటరు పోవాలంటే ఆ గాలి దాదాపు 28 సార్లు పూర్తిగా మారాలి. అదే హైదరాబాద్ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 20 శాతం ఆర్ద్రత ఉంటే ఘనపు మీటరులో సుమారు 41 గ్రాములకు చోటుంటుంది. నాలుగైదు సార్లు గాలి మారితే చాలు. ఒకే పనికి ఊరిని బట్టి, రుతువును బట్టి సమయం మారడానికి ఇదే కారణం.

కాబట్టి నీటిని ఆవిరి చేయడం కంటే ద్రవ రూపంలోనే యంత్రంతో పీల్చేయడం మేలు. మిగిలినదాన్ని తలుపులు తెరిచి, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టాలి. తడి 24 నుంచి 48 గంటలకు మించి నిలిస్తే బూజు పట్టే అవకాశం ఉంది. సుగంధం చల్లి అప్పగించిన కారులో రెండు రోజుల తర్వాత వచ్చే ముక్క వాసన దాని పనే. ఆస్తమా ఉన్నవారికి అది వాసనతో ఆగే ఇబ్బంది కాదు.

గాలిలోని తేమతో గట్టిపడే పూత

చివరిది రక్షణ పూత. మైనం పూత వేసి తుడవడానికి గంట చాలు. సిరామిక్ కోటింగ్ అనే పూతలోని సిలికాన్ ఆధారిత అణువులు గాలిలోని తేమతో చర్య జరిపి, ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడతాయి. వేసి తుడవడానికి రెండు గంటలు పట్టినా, తర్వాత 12 నుంచి 24 గంటలు దాని మీద నీటి చుక్క పడకూడదని తయారీదారులు సాధారణంగా చెబుతారు. పూర్తిగా గట్టిపడటానికి వారం వరకు పట్టవచ్చు. సాయంత్రం పూత వేసి, రాత్రే వానలో కారు పంపిస్తే డబ్బు నీటిపాలైనట్టే.

మొత్తం ఎంత?

ఈ అంకెలన్నీ కూడితే చిన్న కారుకు లెక్క ఇలా తేలుతుంది. పాలిష్ లేకుండా లోపల, బయట సంపూర్ణ శుభ్రతకు ఒక మనిషికి 5 నుంచి 6 గంటలు, ఆపైన సీట్లు ఆరే సమయం. ఒక దశ పాలిష్‌తో కలిపితే 10 నుంచి 12 గంటలు. రెండు దశలైతే 14 నుంచి 16 గంటలు. సిరామిక్ పూత కూడా ఉంటే మరో రెండు గంటల పని, ఒక రాత్రి విరామం. పెద్ద ఎస్‌యూవీలకు, పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే కార్లకు ఇంకా ఎక్కువ.

ఇద్దరు పనిచేస్తే ఒకరు లోపల, మరొకరు బయట చేసి పని గంటలను సగం చేయవచ్చు. ఒక దశ పాలిష్‌తో ఒక రోజులో కారు అందించవచ్చు. పదిమంది వచ్చినా సీటు త్వరగా ఆరదు, పూత త్వరగా గట్టిపడదు. పాలిష్, పూత రెండూ కోరినవారికి రెండు మూడు రోజులు అడగడం న్యాయమే.

అలాగని రెండు గంటల పని మోసమేమీ కాదు. క్రమంగా శుభ్రం చేసుకునే కారుకు మంచి వాష్, లోపలి దుమ్ము తీయడం చాలు. దాన్ని ఆ పేరుతో, ఆ ధరకే అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. సంపూర్ణ డిటెయిలింగ్ రెండు గంటల్లో అన్నప్పుడే అనుమానించాలి. అప్పుడు యజమాని కొన్ని ప్రశ్నలు అడిగితే సరిపోతుంది. పాలిష్ ఎన్ని దశలు? మందం కొలుస్తారా? నూనె తుడిచి దీపం వెలుగులో చూపిస్తారా? సీట్లు ఆరడానికి ఎంతసేపు ఉంచుతారు? పూత వేశాక కారు ఎక్కడ నిలుపుతారు? వీటికి సూటిగా జవాబిచ్చే చోట, చెప్పిన గంటలను నమ్మవచ్చు.