పిడికిలి బలం ఎక్కడికి పోతుంది?

హోళీ పండుగనాటి సాయంత్రం మీరు బాన్సువాడ నుంచి బోధన్ వైపు వెళ్లి, హున్సా అనే ఊరు చేరుకున్నారనుకోండి. అక్కడ ఒక పెద్ద మోకుకు అటూ ఇటూ జనం రెండు జట్లుగా నిలబడి ఉంటారు. ఒక చేత్తో మోకు పట్టుకొని, రెండో చేత్తో ఎదుటివాళ్లను పిడికిలి బిగించి గుద్దుతారు. దీన్ని పిడిగుద్దులాట అంటారు. తరతరాలుగా వస్తున్న ఆచారం. కాసేపటికి ఆట ఆగుతుంది. దెబ్బలు తిన్నవాళ్లు కాముని దహనం బూడిద పూసుకొని ఒకరినొకరు కౌగిలించుకుంటారు. (బూడిద గాయానికి మందు కాదు. శుభ్రమైన నీళ్లతో కడుక్కోవడమే మంచిది.)

ఈ ఆటకు గడియారం లేదు, చేతి తొడుగులు లేవు. ఒకప్పుడు ఇంగ్లండులో బాక్సింగ్ కూడా ఇలాగే ఉత్త చేతులతో సాగేది. 1867లో వెలువడిన క్వీన్స్‌బెర్రీ నిబంధనలతో తొడుగులు, మూడు నిమిషాల రౌండు, నడుమ ఒక నిమిషం విశ్రాంతి, కింద పడినవాడు లేవడానికి పది సెకన్ల గడువు వచ్చాయి.

తొడుగు ఏం చేస్తుంది? దీనికి చిన్న లెక్క వేద్దాం. పిడికిలి, దాని వెనక చేయి కలిపి 3 కిలోల ద్రవ్యరాశి సెకనుకు 8 మీటర్ల వేగంతో వస్తున్నదనుకుందాం. దాని ద్రవ్యవేగం 24. అది సెకనులో నూరోవంతు కాలంలో ఆగిపోతే తగిలే బలం 2400 న్యూటన్లు. అంటే దాదాపు 245 కిలోల బరువు మీద పడినట్టు! అదే పిడికిలి నూటికి నాలుగువంతుల సెకనులో ఆగితే బలం 600 న్యూటన్లే. క్రికెట్ బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కు లాక్కుంటాం కదా, అదే సూత్రం. ఆగే కాలం పెరిగితే బలం తగ్గుతుంది.

ఈ సూత్రం మీదనే ఒక ప్రపంచ పోటీ గెలిచారంటే నమ్ముతారా?

1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసా నగరంలో ముహమ్మద్ అలీ, జార్జి ఫోర్‌మన్ తలపడ్డారు. ఆ దేశాన్ని అప్పుడు జైర్ అనేవారు. అమెరికాలోని ప్రేక్షకుల కోసం పోటీని తెల్లవారుజామున పెట్టారు. ఫోర్‌మన్ వయసు 25. అంతవరకు ఆడిన 40 పోటీలూ గెలిచాడు, అందులో 37 నాకౌట్లు. అలీకి 32 ఏళ్లు. అలీ బతికి బయటపడితే చాలునని అనుకున్నవాళ్లు చాలామంది.

రెండో రౌండు నుంచి అలీ విచిత్రమైన పని చేశాడు. రింగు తాళ్లకు ఆనుకొని, ముంజేతులు ముఖానికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు. తాళ్లు వదులుగా ఉన్నాయి. ఫోర్‌మన్ గుద్దినప్పుడల్లా అలీ ఒళ్లు వెనక్కు వంగేది, తాళ్లు సాగేవి. దెబ్బ ఆగే కాలం పెరిగింది. బలంలో కొంత తాళ్లకు, కొంత చేతులకు పోయింది.

ఇక గురితప్పిన దెబ్బల సంగతి చూడండి. తగిలిన పిడికిలిని ఎదుటివాడి శరీరం ఆపుతుంది. తగలని పిడికిలిని ఆపవలసింది కొట్టినవాడి భుజమూ వీపు కండరాలే! కనుక గాలిలో పోయిన దెబ్బకు అలసట ఎక్కువ. ఉక్కపోతలో వందల దెబ్బలు విసిరి ఫోర్‌మన్ చేతులు బరువెక్కాయి. ఎనిమిదో రౌండు చివరలో అలీ తాళ్లను వదిలి ముందుకొచ్చి వరసగా కొట్టాడు. ఫోర్‌మన్ నేలకూలాడు.

అయితే ఈ కథకు రెండో వైపు ఉంది. ఒక చెంబులో నీళ్లు పోసి, పైన వేపాకు ఒకటి వేయండి. చెంబును గబుక్కున పక్కకు తిప్పండి. చెంబు తిరిగింది, ఆకు దాదాపు ఉన్నచోటే ఉంది. ఇది జడత్వం. పెద్దవాళ్లలో సుమారు 1.4 కిలోలుండే మెదడు కూడా పుర్రెలో ద్రవంలో తేలుతూ ఉంటుంది. గడ్డం మీద పక్కనుంచి దెబ్బ తగిలితే తల చటుక్కున తిరుగుతుంది, మెదడు వెనకబడుతుంది. లోపలి సన్నని నరాల పోగులు సాగుతాయి, ఒక్కోసారి రక్తనాళాలు తెగుతాయి. స్పృహ తప్పడానికి కారణం ఇదే. తొడుగు ముఖం చీరుకుపోకుండా కాపాడుతుంది, కొట్టేవాడి వేళ్లను ఇంకా బాగా కాపాడుతుంది. కాని తల తిరగడాన్ని ఆపలేదు. వేళ్లు విరుగుతాయన్న భయం లేనివాడు తలమీద మరింత గట్టిగా కొడతాడు కూడా.

1975 అక్టోబరు 1న మనీలాలో అలీ, జో ఫ్రేజియర్ 14 రౌండ్లు పోరాడారు. ఫ్రేజియర్ కళ్లు వాచి మూసుకుపోయాయి. ఇంకొక్క రౌండు మిగిలింది. ఫ్రేజియర్ ఆడతానన్నా అతని శిక్షకుడు ఎడ్డీ ఫచ్ వద్దని పోటీ ఆపించాడు. ఆ పోటీలో నాకు అన్ని దెబ్బలకన్న గొప్పగా కనిపించేది ఈ నిర్ణయమే. 1982 నవంబరు 13న లాస్ వెగాస్‌లో అలా ఆపినవారు లేకపోయారు. రే మన్సినీతో పోరాడిన కొరియా యువకుడు కిమ్ డుక్ కూ 14వ రౌండులో పడిపోయాడు. మెదడులో రక్తస్రావమై కొద్ది రోజులకు చనిపోయాడు. ఆ తరువాత 15 రౌండ్ల పోటీలను 12కు తగ్గించారు. అలీకి 1984లో పార్కిన్సన్ వ్యాధి ఉన్నట్టు తేలింది. తలకు తగిలిన దెబ్బలే కారణమా అనే చర్చ చాలాకాలం సాగింది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. కామారెడ్డి జిల్లా ఏర్పడిన 2016 వరకు బాన్సువాడ నిజామాబాదు జిల్లాలోనే ఉండేది. ఆ నిజామాబాదులో 1996లో పుట్టిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందేల పిల్ల. తరువాత తొడుగులు వేసుకొని, 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది. గురితప్పిన దెబ్బను ఆపే భుజం గురించి పైన చెప్పుకున్నాం కదా, బాక్సర్‌కు అదెంత ముఖ్యమో ఊహించండి.

2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతి ఫైనల్. ఎదుట థాయిలాండుకు చెందిన జిత్‌పాంగ్ జుతామస్. మూడు రౌండ్లు, మొత్తం తొమ్మిది నిమిషాలు. తలకు రక్షణ తొడుగు ఉంది. ఇక్కడ గెలవడానికి ఎదుటివారిని పడగొట్టనక్కరలేదు. శుభ్రంగా తగిలిన దెబ్బలనూ రౌండుపై పట్టునూ చూసి అయిదుగురు న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. మొదటి రౌండులో నిఖత్‌ది పైచేయి. రెండో రౌండులో జిత్‌పాంగ్ పుంజుకుంది. మూడోదానిలో నిఖత్ మళ్లీ ముందుకు దూకింది. ముగ్గురు 29-28, ఇద్దరు 30-27 వేశారు, అయిదుగురూ నిఖత్‌కే. మరుసటి ఏడు ఢిల్లీలో 50 కిలోల తరగతిలో మళ్లీ ప్రపంచ విజేత అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనాకు చెందిన వూ యూ చేతిలో ఓడిపోయింది.