గ్రాఫైటు పొరలను విప్పు విద్యుచ్ఛక్తి

ఆత్రేయపురపు పూతరేకు నెఱుగనివారు మన కోనసీమలో నుండరు. బోర్లించి కాచిన కుండపై, పలుచని బియ్యపుజావలో ముంచిన గుడ్డను పఱచి తీసినంతనే కాగితముకన్న పలుచని రేకు ఏర్పడును. అట్టి రేకులను లెక్కకు మిక్కిలిగా నొకదానిపై నొకటి పేర్చిన దొంతర యెట్టిదో, పెన్సిలులోని గ్రాఫైటును నట్టిదే. మనది ఒండ్రునేల యగుటచే నిచ్చట నీ ఖనిజము దొరకదు గాని, తూర్పు కనుమల ఖొండలైటు శిలలలో నిది కలదు.

గ్రాఫైటు కర్బన రూపములలో నొకటి. అందలి పరమాణువులు తేనెపట్టు గదులవలె షట్కోణములుగా నమరి పొరలగును. ఒక్కొక పొరలోని బంధము మిక్కిలి దృఢము. పొరకును పొరకును నడుమ నుండు ఆకర్షణము బలహీనము. కావుననే పెన్సిలు కాగితముపై జాఱుచు గీత గీయుచున్నది. ఒక మిల్లీమీటరు మందములో సుమారు 30 లక్షల పొరలుండును. అందొక్క పొరయే గ్రాఫీను. 2004వ సంవత్సరమున మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ అను శాస్త్రజ్ఞులు జిగురుపట్టీతో నీ పొరను వేఱుచేసి చూపిరి. 2010లో నోబెలు బహుమానము నందిరి.

జిగురుపట్టీతో దొరకునది స్వల్పము. హెచ్చుగా కావలసినచో విద్యుచ్ఛక్తి తోడ్పడును. నీటిలో అమ్మోనియము సల్ఫేటును కరగించి, గ్రాఫైటును ధనధ్రువముగను, ప్లాటినమును ఋణధ్రువముగను నుంచి, సుమారు 10 వోల్టుల ఏకముఖ విద్యుత్తును పంపుదురు. ధనధ్రువమున నీరు విచ్ఛిన్నమై గ్రాఫైటు అంచులను తెఱచును. ఆ సందులలో సల్ఫేటు అయానులును నీటి యణువులును జొచ్చును. అచ్చట పుట్టిన వాయువులు పొరలను లోపలినుండి త్రోసి విడదీయును. రాలిన రేకులను వడగట్టి, కడిగి, ద్రావకములో కలిపి ధ్వనితరంగములచే చెదరగొట్టుదురు.

విద్యార్థులారా, ఇచ్చట నొక సంగతి గమనింపుడు. పాత్రలో తేలిన నల్లని పొడి యంతయు గ్రాఫీను కాదు. కొన్ని రేకులు ఏకపొరవి, కొన్ని పలుపొరలవి, కొన్ని వట్టి గ్రాఫైటు తునుకలు. ధనధ్రువమున పుట్టిన ఆక్సిజను కొంత రేకుల నంటి, వాని విద్యుద్వాహకత్వమును తగ్గించును. కంటికి అన్నియు నలుపే; పరీక్షయే భేదమును తెలుపును. ఆ పరీక్షలలో ముఖ్యమైనది, బాల్యమున విశాఖపట్టణములో చదివిన సర్ సి. వి. రామన్ 1928లో కనుగొనిన కాంతిధర్మముపై నాధారపడి యున్నది. ఒక పొర కొకవిధముగను, పలుపొరలకు వేఱొకవిధముగను రామన్ వర్ణపటము కనబడును.

పెన్సిలు పుల్లలో బంకమన్ను గూడ కలిసియుండును. దానిని నీట ముంచి యింటి విద్యుత్తును తగిలించుట ప్రాణాపాయము. ప్రయోగశాలలో, ఉపాధ్యాయుల యెదుట, చిన్న బ్యాటరీతోనే ఇట్టివి చూడవలెను. నల్లని పొడిని చూచి తొందరపడి గ్రాఫీనని పేరు పెట్టక, పరీక్షించి పలుకుటయే శాస్త్రవిద్యార్థికి ధర్మమని మేము తలంచుచున్నాము.