పాటల పెట్టె

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలోని నందిగామ, జగ్గయ్యపేట పట్టణాలు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఐదు ఆయక స్తంభాలను నిలిపినట్లు శాసనం తెలుపుతున్నది. రాతిపై అక్షరాలు నిలిచినందువల్లనే ఆ పనివాని పేరు మనకు దక్కింది. ప్రాచీన వస్తువును గుర్తించడానికి దానిపై ఉన్న చిహ్నాలే ఆధారం. అటకలపై మూలబడిన పాటల పెట్టెలకు కూడా ఈ న్యాయమే వర్తిస్తుంది.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును కనుగొన్నాడు. అందులో ధ్వని స్తూపాకారపు గొట్టంపై నమోదయ్యేది. 1887లో బెర్లినర్ గుండ్రని పలకను వాడే గ్రామఫోనును రూపొందించాడు. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ గానం రికార్డుకెక్కింది. తరువాత తెలుగు నాటక పద్యాలు కూడా రికార్డులుగా వెలువడ్డాయి. ఈ మెట్టప్రాంతంలోనిదే మైలవరం. అక్కడి బాలభారతీ నాటక సమాజంలో పేరుపొందిన కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలను రంగస్థలానికి దూరంగా ఉన్నవారు గ్రామఫోనులోనే విన్నారు.

బల్లపై ఉంచే గ్రామఫోను దొరికినప్పుడు మొదట దానిని తుడవరాదు, పరిశీలించాలి. కంపెనీ ముద్ర, సంఖ్య, మరల ఆకృతి, ముల్లు బిగించే సౌండ్‌బాక్సుపై గల పేరు వ్రాసుకొని, ఛాయాచిత్రాలు తీయాలి. బాకా పెట్టె బయట ఉన్నదా, లోపల ఉన్నదా చూడాలి. కొత్త పెట్టెకు ఇత్తడి బాకా తగిలించి, కుక్కబొమ్మ అంటించి పురాతనమని అమ్మే నకిలీలు అంగళ్లలో ఉన్నాయి. కనుక బొమ్మను మాత్రమే నమ్మరాదు.

గ్రామఫోనుకు విద్యుత్తు అవసరం లేదు. కీ ఇస్తే చుట్టుకొన్న స్ప్రింగు విప్పుకొంటూ పళ్లెరాన్ని త్రిప్పుతుంది. రికార్డు గాడిలో ముల్లు కదలగా, సౌండ్‌బాక్సులోని అభ్రకపు పొర కంపిస్తుంది. ఆ ధ్వని బాకాలో పెద్దదవుతుంది. ఏళ్ల తరబడి వాడని యంత్రానికి వెంటనే పూర్తిగా కీ ఇవ్వరాదు. గట్టిపడిన పాత గ్రీజును కిరోసినుతో తొలగించి, కొత్తది పట్టించాలి. స్ప్రింగు ఉన్న డబ్బాను అనుభవజ్ఞుడే తెరవాలి. అది ఒక్కసారిగా విడివడితే చేతులు తెగుతాయి. అభ్రకం చుట్టూ బిగిసిపోయిన రబ్బరును మార్చాలి. రికార్డు క్రింద కాగితపు ముక్క ఉంచి, నిమిషానికి 78 చుట్లు తిరుగుతున్నదో లేదో లెక్కించాలి.

పాత రికార్డులు లక్కతో చేసినవి. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది. అదేవిధంగా లక్కపూత గల పెట్టెను గరుకు కాగితంతో రుద్దితే పాత మెరుగుతో పాటు ముద్ర కూడా చెరిగిపోతుంది. ఉక్కు ముల్లును ఒక్కొక్క వైపు వాయించిన వెంటనే మార్చాలి. అరిగిన ముల్లు గాడిని కోస్తుంది.

కొత్తదానివలె మెరిపించడం మరమ్మతు పరమార్థం కాదు. పోయిన స్ప్రింగును మళ్లీ చేయించవచ్చు. చెరిపివేసిన ముద్రను, గాడి అరిగిన రికార్డులోని గాయకుని కంఠాన్ని తిరిగి తేలేము.

ప్రశ్నలు
1. పాత గ్రామఫోనును తుడవకముందే ఎందుకు పరిశీలించాలి?
2. గ్రామఫోను పనిచేసే విధానాన్ని వివరించండి.
3. మీ ఇంటిలోని ఒక పాత వస్తువుపై గల గుర్తులను పరిశీలించి ఐదు వాక్యాలు వ్రాయండి.